చిన్న వీడియో ఆఫీసుకు పెరిగే స్టోరేజీ: టీబీల కన్నా ముందు ఖాళీ బేలు చూడండి

కర్నూలు, ఆదోని, నంద్యాల వైపు వీడియో ఆఫీసులు పెట్టుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఎన్ని టీబీలు తీసుకోమంటావు?" నేను కర్నూలులో ఒక వీడియో ఆఫీసులో ఎడిటింగ్‌తో పాటు డేటా కూడా చూసుకుంటాను. ఎన్ని టీబీలు (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ) అన్నది తర్వాత చూసుకోవచ్చు. అది నిండిన రోజు ఉన్న ఫైళ్లను కదపకుండా, పని ఆపకుండా ఎలా పెంచుతారన్నది ముందు తేల్చుకోవాలి. మా దగ్గర ఇల్లు కట్టేవాళ్లు డబ్బు చాలక ఒక అంతస్తుతో ఆపినా, పిల్లర్ల మీద ఇనుప చువ్వలు పైకి వదిలిపెడతారు. స్టోరేజీ కొనేటప్పుడు కూడా ఆ చువ్వలకు డబ్బు పెట్టాలి. నాలుగు డిస్కులు పట్టే పెట్టె కొని రెండు అరలు ఖాళీగా ఉంచుకోవడం దండగ ఖర్చు కాదు. ఆ అరలనే బేలు అంటారు.

ముందు ఒక పెళ్లిని లెక్కేయండి

కెమెరా మెనూలో బిట్‌రేట్, అంటే సెకనుకు ఎంత డేటా రాస్తుందో, ఎంబీపీఎస్‌లలో (మెగాబిట్లలో) ఉంటుంది; ఎనిమిది మెగాబిట్లు కలిస్తే ఒక ఎంబీ. దాన్ని 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వచ్చేస్తుంది. 50 ఎంబీపీఎస్ అయితే గంటకు 22.5 జీబీ, 100 అయితే 45 జీబీ.

ట్రెడిషనల్ కెమెరా ఫుల్ హెచ్‌డీ 50 ఎంబీపీఎస్‌లో, పెళ్లికూతురిని చేసిన దగ్గర నుంచి అప్పగింతల దాకా మొత్తం 10 గంటలు రికార్డు చేసిందనుకుందాం. 225 జీబీ. క్యాండిడ్ కెమెరా 4కె 100 ఎంబీపీఎస్‌లో 5 గంటలకు ఇంకో 225. డ్రోన్ ఒక గంటకు 45. ఫొటోల రా ఫైళ్లు (కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టు) 50, 60 జీబీ. ప్రాజెక్టు ఫైళ్లు, రెండర్లు కలిపితే ఒక్క పెళ్లికి 600 జీబీ. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లోనో, కొండారెడ్డి బురుజు దగ్గరో ప్రీవెడ్డింగ్ షూట్ ఉంటే అది అదనం. ఏడాదికి 30 పెళ్లిళ్లు చేసే ఆఫీసుకు అది 18 టీబీ అవుతుంది.

అదే క్యాండిడ్ కెమెరాను రంగుల వివరం ఎక్కువ పట్టే 4:2:2 10-బిట్, 140 ఎంబీపీఎస్‌కు మార్చారంటే ఆ 5 గంటలు 315 జీబీ అవుతాయి. ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే ఆల్-ఇంట్రాలో 250 ఎంబీపీఎస్‌తో తీస్తే 560 దాటుతుంది. కొత్త కెమెరా కొనేటప్పుడు బాడీ, లెన్సు, కార్డుల ధరలు అడుగుతాం కానీ దాని బిట్‌రేట్‌కు తగ్గ స్టోరేజీ ధర అడగం. అది కూడా కెమెరా ఖర్చులో భాగమే.

ఇంకో సంగతి. డిస్కుల కంపెనీలు టీబీని వెయ్యిల్లో లెక్కేస్తాయి, విండోస్ 1024తో లెక్కేస్తుంది. 8 టీబీ డిస్క్ పెడితే 7.27 కనబడుతుంది. డిస్కులో లోపమేమీ లేదు, షాపతను మోసం చేయనూ లేదు.

రా ఎన్నాళ్లు ఉంచుతారో రాసిపెట్టండి

ఈ 18 టీబీని ఎప్పటికీ మోయాలా వద్దా అన్నది ఆఫీసు తేల్చుకోవాలి, నోటిమాటగా వదిలేయకూడదు. ఆల్బమ్, ఫైనల్ పెన్‌డ్రైవ్ అప్పజెప్పిన రోజు నుంచి రా ఫుటేజ్ ఆరు నెలలు ఉంచుతారో, ఏడాది ఉంచుతారో కొటేషన్‌లోనే తెలుగులో రాసి సంతకం తీసుకోండి. గడువు దగ్గరపడ్డాక ఫోన్ చేసి, "రా కావాలంటే ఒక హార్డ్‌డిస్క్ తెచ్చివ్వండి, కాపీ చేసిస్తాం" అని చెప్పండి. కొనాల్సిన టీబీలు ఈ ఒక్క నిర్ణయంతో సగానికి పడిపోవచ్చు.

గడువు తీరినా నేను రా మొత్తాన్ని ఒక్కసారిగా తీసేయను. పెద్దవాళ్లు మాట్లాడిన, పాడిన క్లిప్పులను ఏరి ఒక ఫోల్డర్‌లో ఉంచుతాను. ఎమ్మిగనూరు నుంచి ఒక అబ్బాయి వచ్చి, "అన్నా, నా పెండ్లిలో తలంబ్రాల కాడ మా జేజి పాట పాడింది. ఫైనల్‌లో మ్యూజిక్ ఏసినారు, ఆమె గొంతు లేదు. ఆ బిట్టు ఉంటే ఇయ్యన్నా" అన్నాడు. జేజి, అంటే వాళ్ల అవ్వ, అప్పటికే పోయింది. ఆ క్లిప్ రెండు నిమిషాలు కూడా లేదు, 2 జీబీలోపే. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నంతసేపూ ఆ అబ్బాయి స్క్రీన్ చూడలేదు, కళ్లు మూసుకునే ఉన్నాడు. మనం దాస్తున్నది ఇలాంటివి కాబట్టే స్టోరేజీలో చౌకబేరం నాకు నచ్చదు.

డాసా, నాసా?

ఎడిట్ చేసేది ఒక్కరే అయితే డాస్ చాలు. అంటే యూఎస్‌బీతోనో థండర్‌బోల్ట్‌తోనో నేరుగా కంప్యూటర్‌కు తగిలించే నాలుగు బేల పెట్టె. నెట్‌వర్క్ గొడవ ఉండదు, ఖర్చు తక్కువ. కొనేముందు షాపతన్ని ఒకటి అడగండి: "ఈ పెట్టె చెడిపోతే ఇందులోని డిస్కులను దేనిలో పెట్టి చదవాలి?" రైడ్‌ను (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కులను కలిపి నడిపే పద్ధతి) పెట్టెలోని చిప్ నడిపిస్తుంటే చాలాసార్లు అదే మోడల్ పెట్టె మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది. సూటిగా జవాబు చెప్పలేని చోట కొనకండి.

ఇద్దరు ముగ్గురు ఎడిటర్లు ఉండి, ఒకరు టీజర్ కట్ చేస్తుంటే ఇంకొకరు అదే ఫుటేజ్‌తో ఫుల్ వీడియో చేసేచోట నాస్ తీసుకోండి. నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేచోట కనబడే స్టోరేజీ అది. టేబుల్ మీద పది ఎక్స్‌టర్నల్ డిస్కులు, ఏ పెళ్లి ఎందులో ఉందో ఒక్కరికే తెలియడం, ఆ ఒక్కరు సెలవు పెట్టిన రోజు ఆఫీసంతా ఆయనకు ఫోన్ చేయడం, ఇవన్నీ నాస్‌తో పోతాయి. సినాలజీ అనే కంపెనీ నాస్‌లు లోపల లినక్స్ పద్ధతులనే వాడతాయి కాబట్టి పెట్టె పోయినా ఆ డిస్కులను లినక్స్ ఉన్న పీసీకి తగిలించి చదివే దారి ఉంది. ఇది నాకు పెద్ద ధైర్యం.

పాత పీసీని నాస్‌గా మార్చే ట్రూనాస్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం తెలిసినవాళ్లు ఉంటే అదీ మంచిదే. అందులోని జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో, రైడ్ లాంటిదే అయిన రైడ్-జెడ్‌కు ఒక్కో డిస్క్ కలిపి పెంచుకునే వీలు 2024 చివరి వెర్షన్ నుంచి వచ్చింది. కానీ ఆఫీసులో దాన్ని చూసుకునే మనిషి ఉండాలి.

నాలుగు నాలుగులా, రెండు పన్నెండులా?

మీకు ఇప్పుడు 12 టీబీ చాలనుకుందాం. నాలుగు బేల నాస్‌లో దీన్ని రెండు రకాలుగా తెచ్చుకోవచ్చు. మొదటి దారి: 4 టీబీ డిస్కులు నాలుగు కొని రైడ్ 5 వేయడం. ఒక డిస్క్ అంత చోటు రక్షణకు పోయి 12 టీబీ మిగులుతుంది. రెండో దారి: 12 టీబీ డిస్కులు రెండు కొని రైడ్ 1 వేయడం. రెండింటిలోనూ అదే డేటా ఉంటుంది కాబట్టి వాడుకునేది అక్కడా 12 టీబీయే. ఒక డిస్క్ పోయినా డేటా ఉండటం రెండు దారుల్లోనూ సమానమే.

నిండిన రోజు ఏమవుతుందో చూడండి. మొదటి దారిలో బేలన్నీ నిండిపోయాయి. పెంచాలంటే బాగా పనిచేస్తున్న 4 టీబీ డిస్క్‌ను బయటికి తీసి పెద్దది పెట్టాలి, కొత్త డిస్క్ మీద డేటా మళ్లీ రాసుకునే రీబిల్డ్ అయ్యేదాకా ఆగాలి, తర్వాత రెండోది తీయాలి. మామూలు రైడ్ 5లో నాలుగూ మార్చేదాకా ఒక్క జీబీ పెరగదు. రెండో దారిలో మూడో 12 టీబీ డిస్క్ తెచ్చి ఖాళీ బేలో తోస్తే రైడ్ 1 కాస్తా రైడ్ 5గా మారి 24 టీబీ అవుతుంది. నాలుగోది తోస్తే 36. ఏదీ బయటికి తీయలేదు. మొదటి రోజు రెండో దారికి కాస్త ఎక్కువే అవుతుంది కానీ నేను ఎప్పుడూ అదే చెబుతాను. డిస్కులు ఎప్పుడైనా దొరుకుతాయి, బేలు పెరగవు.

రైడ్ 1 నుంచి రైడ్ 5కు డేటా ఉండగానే మారే వీలు మీరు చూసే మోడల్‌కు ఉందో లేదో కంపెనీ పేజీలో చదవండి. రెండు బేల నాస్‌లో మూడో డిస్క్‌కు చోటే ఉండదు కాబట్టి ధర చూసి దాని జోలికి పోవద్దు. ఉన్న కాపీకి కాపీ పెట్టుకోవడానికి మాత్రం అది బాగుంటుంది.

వేర్వేరు సైజులు కలిపి వాడే అవసరం వస్తుందనుకుంటే సినాలజీలో ఎస్‌హెచ్‌ఆర్ అనే పద్ధతి ఉంది. 8, 8, 16, 16 టీబీ డిస్కులు పెడితే మామూలు రైడ్ 5 అన్నింటినీ 8గానే లెక్కేసి 24 టీబీ ఇస్తుంది. ఎస్‌హెచ్‌ఆర్ 32 ఇస్తుంది. కాకపోతే తర్వాత పెట్టే డిస్క్ ఉన్నవాటికన్నా చిన్నది కాకూడదు, ఒకసారి కలిపాక డిస్క్‌ను తీసి పూల్‌ను (డిస్కులన్నీ కలిసిన మొత్తం చోటును) చిన్నది చేసుకునే వీలూ లేదు. ఏ డిస్కులు ఒప్పుకుంటుందో కూడా చూసుకోవాలి. 2025లో సినాలజీ తన కొత్త ప్లస్ మోడళ్లలో బయటి కంపెనీల డిస్కులకు అడ్డుకట్ట వేసి, అదే ఏడాది చివర్లో తన నాస్ సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎం 7.3తో సడలించింది. ఇలాంటివి మారుతుంటాయి కాబట్టి కొనే వారంలోనే కంపెనీ జాబితా తెరిచి మోడల్ నంబరు సరిచూసుకోండి.

నాలుగు బేలూ నిండాక వాడేది ఎక్స్‌పాన్షన్ యూనిట్. ఉదాహరణకు సినాలజీ డీఎస్923+ అనే నాలుగు బేల నాస్‌కు డీఎక్స్517 అనే ఐదు బేల పెట్టె తగిలించి మొత్తం 9 డిస్కుల దాకా వెళ్లొచ్చు. ఈ వీలు లేని మోడల్ నాలుగు బేలతోనే ఆగిపోతుంది. ఎక్స్‌పాన్షన్ పెట్టెలోని డిస్కులను అసలు నాస్ వాల్యూమ్‌లో (ఒకే డ్రైవ్‌లా కనబడే చోటులో) కలిపేయొద్దు, విడిగా ఇంకో వాల్యూమ్ చేసి పాత పెళ్లిళ్లు అందులో పెట్టండి. కలిపేస్తే మధ్యలోని కేబుల్ ఊడినా, ఆ పెట్టెకు కరెంటు పోయినా మొత్తం వాల్యూమ్ పడిపోతుంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి కేబుల్ కదిలే ఆఫీసులు మనవి.

పెద్ద డిస్కులతో ఒక ఇబ్బంది ఉంది. 16 టీబీ డిస్క్ పోయి కొత్తది పెడితే, సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా రీబిల్డ్‌కు 22 గంటలు పడుతుంది, మధ్యలో ఎడిటింగ్ నడిస్తే ఇంకా ఎక్కువ. ఆ సమయంలో రెండో డిస్క్ పోతే రైడ్ 5 కాపాడలేదు. నాలుగు డిస్కుల దాకా రైడ్ 5 చాలు, ఆరు దాటితే రెండు డిస్కులు పోయినా తట్టుకునే రైడ్ 6కు వెళ్లండి.

డిస్కులు

ఊళ్లో షాపుల్లో ఎక్కువగా దొరికేవి సీసీటీవీ డిస్కులు. అవి ఆగకుండా రాయడానికి ట్యూన్ చేసినవి. టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ లాగుతూ చదివే మన పనికి నాస్ డిస్కులే అడగండి. లేకపోతే తెప్పించమనండి.

పెట్టె మీద పేరు చదివి ఆగిపోవద్దు, డిస్క్ లేబుల్ మీది మోడల్ నంబరుతో కంపెనీ పేజీలో అది సీఎంఆరో ఎస్‌ఎంఆరో చూడండి. సీఎంఆర్ డిస్కులో ట్రాకులు (డేటా రాసే గీతలు) విడివిడిగా ఉంటాయి, ఎస్‌ఎంఆర్ డిస్కులో ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి, కాబట్టి ఒక చోట తిరగరాయాలంటే పక్కవాటినీ మళ్లీ రాయాలి. రైడ్ రీబిల్డ్ అప్పుడు ఇది నత్తనడక అవుతుంది, ఒక్కోసారి నాస్ ఆ డిస్క్‌ను బయటికి నెట్టేస్తుంది. 2020లో డబ్ల్యూడీ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాత కంపెనీ సీఎంఆర్ డిస్కులను రెడ్ ప్లస్ పేరుతో విడిగా అమ్ముతోంది. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ వరుస సీఎంఆర్.

డబ్బు ఇచ్చేముందు సీరియల్ నంబరును కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడండి. వేరే దేశానికి అమ్మిన సరుకైతే అక్కడే తెలిసిపోతుంది. జీఎస్టీ బిల్లులో సీరియల్ నంబర్లు రాయించుకోండి. వీలైతే రెండు డిస్కులు రెండు చోట్ల కొనండి, ఒకే లాట్‌లో వచ్చినవి ఒకే సమయంలో పోయే ప్రమాదం ఉంది. వచ్చాక వెంటనే డేటా ఎక్కించకుండా డిస్క్ తనను తాను పరీక్షించుకునే స్మార్ట్ ఎక్స్‌టెండెడ్ టెస్ట్‌ను నాస్‌లోనే పెట్టండి. పెద్ద డిస్కుకు అది పగలూ రాత్రీ నడుస్తుంది, నడవనివ్వండి. ప్రతి ట్రే మీద చిన్న తెల్ల స్టిక్కరు అంటించి సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు, కొన్న నెల రాయండి. ఏ డిస్క్ పోయిందో నాస్ చెప్పినప్పుడు కంగారులో మంచి డిస్క్ లాగేయకుండా ఆ స్టిక్కరు ఆపుతుంది.

వైరు, కరెంటు, ఎండ

మామూలు గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. 100 ఎంబీపీఎస్ ఫుటేజ్ మూడు యాంగిల్స్ ఒకేసారి ఆడిస్తే ఒక ఎడిటర్‌కు 37.5 ఎంబీ కావాలి. ఇద్దరికి సరిపోతుంది, ముగ్గురైతే అంచుకు వచ్చేస్తుంది. అందుకని 2.5 గిగాబిట్ పోర్టు ఉన్న నాస్, ఆ వేగం ఉన్న స్విచ్, క్యాట్ 6 వైరు పెట్టుకోండి. నాస్‌ను ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చిన రూటర్‌కు తగిలించి దాని గుండా ఎడిటింగ్ చేయొద్దు, కొన్నిటి పోర్టులు 100 ఎంబీపీఎస్ మాత్రమే. వైఫైలో ఎడిటింగ్ అసలే వద్దు. క్యాష్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాత్కాలిక ఫైళ్లు), ప్రాక్సీలు (ఎడిట్ కోసం చేసుకునే చిన్న సైజు కాపీలు) ఎవరి సిస్టమ్‌లోని ఎస్‌ఎస్‌డీలో వాళ్లు పెట్టుకుంటే నాస్ డిస్కుల మీద భారం చాలా తగ్గుతుంది.

ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. డిస్క్ కంపెనీలు 60, 65 డిగ్రీల దాకా పరిమితి రాస్తాయి కానీ నాస్ తెరలో 45 దాటకుండా చూసుకోవడం నా పద్ధతి. అటక మీద, మూసిన చెక్క కబోర్డులో, ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన నాస్ పెట్టొద్దు. వెనుక ఫ్యాన్‌కు గోడకు మధ్య జానెడు చోటు వదలండి. రోడ్డు వైపు కిటికీ ఉంటే ఎర్రమట్టి దుమ్ము ఫ్యాన్ రెక్కల మీద పొరలా కట్టేస్తుంది, నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపండి.

ఇన్వర్టర్ ఉంది కదా అని యూపీఎస్ మానేయొద్దు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ చిన్న సందులోనే నాస్ ఆగిపోవచ్చు. యూఎస్‌బీ పోర్టు ఉన్న లైన్-ఇంటరాక్టివ్ యూపీఎస్ తీసుకుని ఆ కేబుల్‌ను నాస్‌కు తగిలించండి, బ్యాటరీ అడుగుకు వచ్చేసరికి నాస్ తనంతట తానే ఫైళ్లు మూసుకుని ఆగుతుంది. ఎర్తింగ్ కూడా ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మా రాతినేలలో ఎర్త్ పిట్ ఎండాకాలం పూర్తిగా ఎండిపోతుంది, దానికి నీళ్లు పోయాలని చాలామందికి గుర్తుండదు.

రెండో కాపీ డబ్బు కూడా ఇదే బడ్జెట్‌లో

రైడ్ ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకోవడం ఈ పనిలో నేను చూసే అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. డిస్క్ చెడిపోతే రైడ్ కాపాడుతుంది. ఎవరైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. దొంగ పెట్టెనే ఎత్తుకెళ్తాడు. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచిపెట్టిన నాస్‌ల మీద పడి ఫైళ్లన్నీ తాళం వేసేసింది. కాబట్టి ఇంటి నుంచి చూసుకోవడానికని రూటర్‌లో పోర్టులు తెరవొద్దు, ఫైళ్లు పాడైతే వెనకటి స్థితికి తెచ్చే స్నాప్‌షాట్లు ఆన్ చేయండి.

కర్నూలు వాళ్లకు నీళ్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చి గ్రౌండ్ ఫ్లోర్లు ముంచేశాయి. ఒకే గదిలో ఉన్న పది కాపీలూ ఒక్క కాపీ కిందే లెక్క. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే చోట అన్న పాత పద్ధతినే పట్టుకోండి. మా ఆఫీసులో నాస్ ఒకటి, దాని నుంచి రాత్రిపూట దానంతట అది నడిచే బ్యాకప్‌కు యూఎస్‌బీలో పెద్ద డిస్క్ ఒకటి. అలాంటిదే ఇంకో డిస్క్ యజమాని ఇంట్లో రెండో అంతస్తులో ఉంటుంది. వారం వారం ఆ రెండు డిస్కులూ చోట్లు మార్చుకుంటాయి. అల్మారాలో ఏళ్ల తరబడి ఉండే కాపీకి ఎస్‌ఎస్‌డీ వద్దు, కరెంటు లేకుండా వేడిలో ఉంటే అందులోని చార్జ్ తగ్గిపోతుంది.

క్లౌడ్‌కు 600 జీబీ ఎక్కించాలంటే 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా వచ్చినా 13 గంటలు దాటుతుంది. ముహూర్తాల సీజన్‌లో అది కుదిరే పని కాదు. ఫైనల్ వీడియోలు, ప్రాజెక్టు ఫైళ్లు, ఎంపిక చేసిన ఫొటోలు మాత్రం క్లౌడ్‌లో పెట్టండి. బ్యాకప్ డిస్క్ నుంచి అప్పుడప్పుడు ఏదో ఒక పాత పెళ్లి ఫోల్డర్ తెరిచి, మధ్యలో నాలుగైదు క్లిప్పులు ఆడించి చూడండి.

మూడో డిస్క్ ఎప్పుడు, ఎలా

నాస్ 75, 80 శాతం నిండగానే మూడో డిస్క్ ఆర్డర్ పెట్టండి, అంచుదాకా ఆగొద్దు. నిండేకొద్దీ వేగం కూడా తగ్గుతుంది. పెట్టే పని మాత్రం ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకోండి. శ్రావణంలోనో మాఘంలోనో ముట్టుకుంటే ఆఫీసంతా టెన్షన్. డిస్క్ కలిపాక ఉన్న డేటా మొత్తాన్ని కొత్త డిస్కుతో కలిపి తిరగ పరచడానికి నాస్‌కు రోజులు పట్టొచ్చు. ఆ సమయంలో ఫైళ్లు తెరుచుకుంటాయి కానీ నెమ్మదిగా ఉంటుంది.

ముందు రోజు బ్యాకప్ పూర్తయిందని చూసుకుని, పాత రెండు డిస్కుల స్మార్ట్ రిపోర్టు తీయండి. రీఅలోకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (డిస్కులో చెడిన, అనుమానంగా ఉన్న చోట్ల) దగ్గర అంకెలు పెరుగుతుంటే ఎక్స్‌పాన్షన్ ఆపి, ముందు ఆ డిస్క్‌ను మార్చండి. అన్నీ సరిగ్గా ఉంటే కొత్తదానికి టెస్ట్ నడిపి, స్టిక్కరు అంటించి, బేలో తోసి, నాస్‌లోని స్టోరేజ్ మేనేజర్‌లో పూల్‌కు కలపండి. అది నడుస్తుండగా ఏదైనా ఫంక్షన్ షూట్ వస్తే ఆ ఫుటేజ్‌ను నాస్‌లోకి ఎక్కించకుండా ఎడిటింగ్ సిస్టమ్ ఎస్‌ఎస్‌డీలో ఒక కాపీ, బయటి డిస్కులో ఒక కాపీ ఉంచండి. ఎక్స్‌పాన్షన్ పూర్తయిందని మెసేజ్ వచ్చి, ఫుటేజ్ నాస్‌లోకి చేరి, ఆ రాత్రి బ్యాకప్ కూడా అయ్యాకే కెమెరా కార్డులు ఫార్మాట్ చేయండి.